గుండెలో జబ్బు, మెదడులో లక్షణం

గుండె జబ్బు అనగానే ఛాతీ నొప్పి, ఆయాసం, కాళ్ల వాపు గుర్తుకొస్తాయి. కానీ గుండె లయ తప్పినవారిలో, కవాటాలు (వాల్వులు) పాడైనవారిలో మొదట బయటపడేది చాలాసార్లు తలకు సంబంధించిన లక్షణమే. నడుస్తున్న మనిషి ఉన్నట్టుండి కూలబడిపోతాడు. పది నిమిషాల పాటు మాట ముద్దగా వచ్చి మళ్లీ మామూలవుతుంది. అన్నం తింటుంటే చేతిలో ముద్ద జారిపోతుంది, ఆ చేయి కాసేపు మాట వినదు. ఇలాంటివాటిలో చాలా భాగం వాటంతట అవే తగ్గిపోతాయి. ఇంట్లోవాళ్లు మంచినీళ్లు తాగిస్తారు, బీపీ డౌన్ అయిందేమో అనుకుంటారు, దగ్గర్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గర ఒక సెలైన్ పెట్టిస్తారు. మర్నాడు ఆ మనిషి మామూలుగా పనిలోకి వెళ్తాడు, ఆ సంగతి అందరూ మర్చిపోతారు. మర్చిపోవడమే ఇక్కడ పెద్ద నష్టం. తగ్గింది లక్షణం మాత్రమే. దాన్ని పుట్టించిన లోపం గుండెలో అలాగే ఉంది, రెండోసారి అంత తేలిగ్గా వదలకపోవచ్చు.

మెదడు బరువు శరీరం బరువులో దాదాపు 2 శాతం. గుండె పంపే రక్తంలో సుమారు 15 శాతం, శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం దానికే పోతాయి. ఇంత ఖర్చు ఉన్నా మెదడు దగ్గర చెప్పుకోదగ్గ నిల్వ ఏమీ ఉండదు. 1943లో అమెరికా పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న యువకుల మెడకు గాలిపట్టీ బిగించి, మెదడుకు రక్తం అందకుండా ఆపి చూశారు. సగటున ఏడు సెకన్లలోపే వాళ్లకు స్పృహ తప్పింది. ఇలాంటి ప్రయోగానికి ఇవాళ ఎవరూ అనుమతి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. కానీ దాన్నిబట్టి ఒక విషయం అర్థమవుతుంది. గుండె పది సెకన్లు ఆగితే ఛాతీలో ఏమీ తెలియకపోవచ్చు, మెదడు మాత్రం వెంటనే చెప్పేస్తుంది.

గుండె వల్ల మెదడుకు కష్టం ప్రధానంగా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, మెదడు మొత్తానికి రక్తం తగ్గడం. అప్పుడు కళ్ల ముందు చీకట్లు కమ్మి మనిషి స్పృహ తప్పుతాడు. ఒక పక్క చేయి, కాలు పడిపోవడం ఉండదు. రెండోది, గుండెలో తయారైన రక్తపు గడ్డ కొట్టుకుపోయి మెదడులోని ఏదో ఒక రక్తనాళంలో ఇరుక్కోవడం. అప్పుడు స్పృహ చాలాసార్లు ఉంటుంది, కానీ ఆ నాళం మీద ఆధారపడ్డ పని ఆగిపోతుంది. మాట, చూపు, ఒక పక్క చేయి, నడకలో తూలుడు, వీటిలో ఏదైనా కావచ్చు. ఈ తేడా తెలిస్తే, ఏం జరిగిందో డాక్టరుకు చెప్పేటప్పుడు సగం పని అయిపోతుంది.

మొదటి దారి కథ చాలా పాతది. 1827లో డబ్లిన్‌లో రాబర్ట్ ఆడమ్స్ అనే సర్జన్ 68 ఏళ్ల రెవెన్యూ ఉద్యోగి ఒకరి గురించి రాశాడు. ఆయనకు ఏడేళ్లలో ఇరవై సార్లు మెదడుపోటు లాంటివి వచ్చాయి. ప్రతిసారీ స్పృహ తప్పేది, కానీ ఒక్కసారి కూడా పక్షవాతం మిగల్లేదు. ఆయన నాడి నిమిషానికి దాదాపు 30 సార్లే కొట్టుకునేది. ఇది మెదడు జబ్బు కాదని, దీని అసలు చోటు గుండె అని ఆడమ్స్ తేల్చాడు. ఈసీజీ అనే యంత్రం ఇంకా పుట్టని రోజుల్లో, వేళ్లతో నాడి చూసి చెప్పిన మాట అది. 1846లో అదే ఊరికి చెందిన విలియం స్టోక్స్ ఇలాంటి మరికొందరి గురించి వివరంగా రాశాక ఆ ఇద్దరి పేర్లూ ఈ జబ్బుకు స్థిరపడ్డాయి. ఇప్పుడు దీన్ని హార్ట్ బ్లాక్ అంటున్నారు. ఇక్కడ బ్లాక్ అంటే రక్తనాళంలో కొవ్వు పేరుకోవడం కాదు, గుండె పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్ సంకేతం అందకపోవడం. గుండెకు విద్యుత్ సంకేతం అందించే చిన్న పరికరం పేస్‌మేకర్ పెడితే ఇలాంటి స్పృహ తప్పడాలు దాదాపు పూర్తిగా ఆగిపోతాయి. అంటే ఇంత బాగా అదుపు చేయగలిగిన జబ్బును, మెదడు జబ్బనుకుని ఏళ్ల తరబడి మోసే ప్రమాదం ఉందన్నమాట.

ఆ పొరపాటు ఎక్కువగా జరిగేది ఫిట్స్ దగ్గర. మనిషి పడిపోయి చేతులూ కాళ్లూ కొట్టుకున్నాడంటే అది మూర్ఛే అని చుట్టూ ఉన్నవాళ్లు తేల్చేస్తారు, చేతిలో తాళాల గుత్తి పెడతారు. కాసేపటికి తేరుకుంటే తాళాల వల్లే అనుకుంటారు. నిజానికి మెదడుకు రక్తం అందక స్పృహ తప్పినా చేతులూ కాళ్లూ అదురుతాయి. 1994లో జర్మనీలో థామస్ లెంపర్ట్ బృందం 59 మంది ఆరోగ్యవంతులకు కావాలనే స్పృహ తప్పేలా చేసి వీడియో తీసింది. వేగంగా ఊపిరి పీల్పించి, ఒక్కసారిగా లేచి నిలబడమని, ఊపిరి బిగబట్టమని చెప్పారు. పూర్తిగా స్పృహ కోల్పోయిన 42 మందిలో 90 శాతం మందికి కండరాలు ఎగిరిపడ్డాయి. చాలామంది కళ్లు తెరిచే ఉన్నాయి. వాళ్లలో ఎవరికీ మూర్ఛ లేదు.

మరి తేడా ఎలా తెలుస్తుంది? ఒక్క లక్షణాన్ని బట్టి చెప్పలేం, కానీ చూసినవాళ్లు చెప్పే వివరాలు చాలా పనికొస్తాయి. గుండె వల్ల పడిపోయిన మనిషి ముఖం తెల్లగా పాలిపోతుంది, కొట్టుకోవడం కొద్ది సెకన్లే ఉంటుంది, లేవగానే తను ఎక్కడున్నాడో, ఎదురుగా ఉన్నది ఎవరో పోల్చుకుంటాడు. మూర్ఛలో కొట్టుకోవడం నిమిషం, రెండు నిమిషాలు సాగుతుంది, ముఖం నీలంగా మారుతుంది, నాలుక పక్కభాగం తెగుతుంది, లేచాక చాలాసేపు మబ్బుగా, అయోమయంగా ఉంటాడు. మూత్రం పడటం రెండింటిలోనూ జరగొచ్చు కాబట్టి దాన్నిబట్టి తేల్చకూడదు. ఇవాళ అందరి చేతుల్లోనూ ఫోన్ ఉంది. పడిపోయిన మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాక, ఒకరు అర నిమిషం వీడియో తీస్తే అది డాక్టరుకు ఏ స్కాన్ కంటే తక్కువ కాదు. అయితే ఊపిరి అందక, కదలిక లేకుండా పడి ఉంటే వీడియో మాట మరిచిపోవాలి. ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఎవరో ఒకరు 108కి ఫోన్ చేయాలి.

స్పృహ తప్పినవాళ్లలో ఎక్కువమందికి గుండె జబ్బు ఉండదు, ఈ మాట కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. ఎండలో క్యూలో నిలబడినప్పుడు, రక్తం చూసినప్పుడు, ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు కళ్లు తిరిగి పడిపోవడం మామూలే. దానికి ముందు వికారం, చెమటలు, చెవుల్లో హోరు ఉంటాయి. భయపడాల్సింది వేరే రకానికి. ఏ హెచ్చరికా లేకుండా పడిపోవడం, పరుగెత్తుతూనో మెట్లెక్కుతూనో పడిపోవడం, పడుకుని ఉండగా స్పృహ తప్పడం, పడే ముందు గుండె దడదడలాడటం, కుటుంబంలో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉండటం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) చేయించకుండా వదలకూడదు. పెద్ద వయసులో శ్రమ చేస్తుండగా స్పృహ తప్పితే గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని అయోర్టిక్ కవాటం ఇరుకైందేమో చూడాలి. ఆ జబ్బులో స్పృహ తప్పడం మొదలయ్యాక కవాటం మార్చకపోతే మనుషులు సగటున మూడేళ్లకు మించి బతకడం లేదని 1968లోనే రాస్, బ్రౌన్‌వాల్డ్ అనే వైద్యులు చూపించారు.

పిల్లల్లో ఒక రకం ఉంది, దాని గురించి తెలుగు కుటుంబాలు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 1957లో నార్వేలో జెర్వెల్, లాంగె-నీల్సన్ అనే వైద్యులు ఒక కుటుంబాన్ని గమనించారు. ఆరుగురు పిల్లల్లో నలుగురికి పుట్టుచెవుడు. ఆ నలుగురూ మధ్యమధ్య స్పృహ తప్పి పడిపోయేవాళ్లు. వాళ్లలో ముగ్గురు నాలుగేళ్లు, అయిదేళ్లు, తొమ్మిదేళ్ల వయసులో చనిపోయారు. ఈసీజీలో క్యూటీ అనే వ్యవధి, అంటే ఒక్కో దెబ్బకు గుండె కింది గదులు ముడుచుకుని మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయం, మామూలు కంటే బాగా ఎక్కువగా కనిపించింది. ఒకే లోపం ఉన్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే ఈ జబ్బు వస్తుంది, కాబట్టి దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు జరిగే చోట దీనికి అవకాశం ఎక్కువ. మేనరికాలు మన దగ్గర ఇంకా జరుగుతూనే ఉన్నాయి. చెవుడు లేకుండా వచ్చే లాంగ్ క్యూటీ రకాలు ఇంకా ఎక్కువ. వాటిలో కొందరు పిల్లలు ఈత కొడుతుండగా, కొందరు అలారం మోగో ఫోన్ మోగో ఉలిక్కిపడి స్పృహ తప్పుతారు. వీళ్లకు మూర్ఛ మందులు రాసి ఏళ్ల తరబడి వాడించిన సందర్భాలు ప్రపంచమంతా ఉన్నాయి. మూర్ఛ అనుమానంతో మొదటిసారి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈసీజీ తీయాలని బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మెదడు విద్యుత్ సంకేతాలు చూసే ఈఈజీకి, ఎంఆర్ఐకి వేలు ఖర్చుపెట్టే ఇంట్లో, అయిదు నిమిషాల్లో అయిపోయే ఈసీజీ అడక్కుండా ఉండిపోవడం బాధ కలిగించే విషయం. పుట్టుచెవుడు ఉన్న బిడ్డ ఒక్కసారి పడిపోయినా ఈసీజీ తీయించాల్సిందే.

ఇక రెండో దారి, గడ్డలది. ఇందులో ముఖ్య పాత్ర ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ దోషానిది. గుండె పై గదులైన కర్ణికలు ఒక పద్ధతిలో ముడుచుకోకుండా వణుకుతుంటాయి. నాడి పట్టుకుంటే ఏ రెండు దెబ్బల మధ్యా సమాన వ్యవధి ఉండదు. ఎడమ కర్ణికకు పక్కన చిన్న సంచి లాంటి భాగం ఒకటి ఉంటుంది. కాలువ పారుతున్నంతసేపు మూలల్లో నాచు పట్టదు, పారుదల తగ్గితే పడుతుంది. ఈ సంచిలోనూ అంతే, కర్ణిక వణుకుతున్నప్పుడు రక్తం నిలిచి గడ్డ కడుతుంది. కవాటాల జబ్బు లేనివారిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వల్ల ఎడమ కర్ణికలో ఏర్పడే గడ్డల్లో తొంభై శాతానికి పైగా ఈ సంచిలోనే దొరుకుతాయి. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 1948లో మొదలై తరాలుగా సాగుతున్న అధ్యయనం ఈ లయ దోషం ఉన్నవారికి పక్షవాతం ముప్పు మిగతావారి కంటే అయిదు రెట్లు ఎక్కువని చూపింది. చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరం వల్ల కవాటం కూడా పాడై ఉంటే ఆ ముప్పు 17 రెట్లు. చాలామందికి గుండె దడ కూడా తెలియదు. పక్షవాతంతో ఆసుపత్రికి వచ్చినప్పుడే లయ తప్పిన సంగతి మొదటిసారి బయటపడుతుంది.

అంతకుముందు కొందరికి ఒక చిన్న హెచ్చరిక వస్తుంది. డాక్టర్లు దాన్ని టీఐఏ అంటారు, జనం మినీ స్ట్రోక్ అంటున్నారు. గడ్డ ఇరుక్కుని, కరిగో జరిగో దారి వదిలేస్తుంది. నోరు వంకర పోయి పావుగంటలో సరవుతుంది. ఒక కంటికి తెర దించినట్టయి మళ్లీ తొలగుతుంది. ఎదుటివాళ్లు అంటున్నది వినబడుతుంది కానీ అర్థం కాదు. ఒక వస్తువు రెండుగా కనబడుతుంది, నిలబడితే తూలుతుంది. గుండె నుంచి వచ్చే గడ్డలకు ఒక గుర్తు ఉంది. అవి ప్రతిసారీ ఒకే నాళంలోకి వెళ్లాలని లేదు కాబట్టి, ఒకసారి కుడి చేయి, ఇంకోసారి ఎడమ చేయి, మరోసారి చూపు, ఇలా చోటు మారుతూ వస్తే గుండెను తప్పక అనుమానించాలి. ఇంట్లోవాళ్లకు మాత్రం అది సరిగ్గా తిరగబడి అర్థమవుతుంది. పోయినసారి ఆ చేయి, ఈసారి ఈ చేయి, కాబట్టి నరాల బలహీనతే అయ్యుంటుందని బి-కాంప్లెక్స్ మాత్రలు తెచ్చుకుంటారు.

టీఐఏ వచ్చి తగ్గినవాళ్ల సంగతి ఏమవుతుందో లెక్కలున్నాయి. 2000లో వెలువడ్డ కాలిఫోర్నియా అధ్యయనంలో, టీఐఏతో ఎమర్జెన్సీకి వచ్చిన సుమారు 1,700 మందిలో 10 శాతానికి కాస్త పైగా 90 రోజుల్లో పక్షవాతానికి గురయ్యారు. ఆ పక్షవాతాల్లో సగం మొదటి రెండు రోజుల్లోనే వచ్చాయి. 2007లో ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ రాత్‌వెల్ బృందం, టీఐఏగానీ చిన్నపాటి స్ట్రోక్‌గానీ వచ్చినవారికి అదే రోజు పరీక్షలు చేసి మందులు మొదలుపెడితే ఏమవుతుందో చూసింది. 90 రోజుల్లో మళ్లీ పక్షవాతం వచ్చినవారు 10.3 శాతం నుంచి 2.1 శాతానికి తగ్గారు. వాడినవేవీ కొత్త మందులు కావు, ముందున్నవే. మారింది ఎప్పుడు మొదలుపెట్టారన్నది ఒక్కటే. సోమవారం ఓపీకి వెళ్దాంలే అనుకునే శనివారం సాయంత్రం ఎంత ఖరీదైనదో ఈ అంకెలు చెబుతాయి.

లక్షణం తగ్గకుండా ఉంటే ఇక గడియారం చూసుకోవాల్సిందే. గడ్డను కరిగించే ఇంజక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. పెద్ద నాళం మూసుకుపోతే సన్నని గొట్టం పంపి గడ్డను బయటకు లాగే చికిత్స ఉంది. ఎంచుకున్న కొందరిలో అది 24 గంటల వరకూ పనిచేస్తుందని 2018లో వెలువడ్డ అధ్యయనాలు చూపించాయి, అయినా ఎంత త్వరగా చేస్తే అంత మేలు. సీటీ స్కాన్ లేని చోటికి తీసుకెళ్లడం వల్ల సమయం పోతుంది. స్కాన్ తీయకముందే ఇంట్లో ఆస్పిరిన్ మింగించకూడదు, ఎందుకంటే మెదడులో ఉన్నది గడ్డా రక్తస్రావమా అన్నది బయటి నుంచి చూసి ఎవరూ చెప్పలేరు. రోగి ఇప్పటికే రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ఆ మాట మొట్టమొదట చెప్పాలి. వార్ఫరిన్ రకం మందులు వాడేవారికి ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత ఆలస్యంగా గడ్డ కడుతోందో చెప్పే అంకె, 1.7 దాటి ఉంటే సాధారణంగా ఆ ఇంజక్షన్ ఇవ్వరు. మాత్రల స్ట్రిప్పు, పాత ఈసీజీ, చివరి ఐఎన్ఆర్ చీటీ వెంట తీసుకెళ్తే అక్కడ అరగంట మిగులుతుంది.

ఈ మాత్రల దగ్గర మన పరిస్థితి పాశ్చాత్య దేశాల కంటే వేరు. అక్కడ రుమాటిక్ కవాట జబ్బు దాదాపు కనుమరుగైంది, ఇక్కడ ఇంకా ఉంది. కాబట్టి ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు వచ్చిన కొత్త మందుల గురించి చదివినదంతా మనవాళ్లందరికీ వర్తించదు. రుమాటిక్ కవాట జబ్బు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రెండూ ఉన్న నాలుగున్నర వేల మందికి పైగా రోగుల మీద భారత్‌తో సహా 24 దేశాల్లో జరిగిన ఇన్విక్టస్ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. పరీక్షలు అక్కర్లేని కొత్త మందు రివరోక్సబాన్ కంటే, నెలనెలా ఐఎన్ఆర్ చూసుకోవాల్సిన వార్ఫరిన్ రకం పాత మందే మెరుగని తేలింది. ఆ పాత మందు వాడినవారిలో మరణాలు తక్కువ, రక్తస్రావాలు చెప్పుకోదగ్గంత ఎక్కువ కావు. లోహపు కవాటం పెట్టించుకున్నవాళ్లకైతే ఈ పాత రకం తప్ప వేరే దారి లేదు. మన దగ్గర వార్ఫరిన్‌తో పాటు అసిట్రోమ్ అనే పేరు ఎక్కువ మందికి తెలుసు.

2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక కవాటం మార్చే ఆపరేషన్ పేద కుటుంబాలకు అందింది. ఆపరేషన్ ఒక్కసారితో అయిపోతుంది, ఐఎన్ఆర్ పరీక్ష జీవితాంతం ఉంటుంది. అక్కడే చాలామంది జారిపోతున్నారు. ఒంట్లో బాగానే ఉంది కదా అని కొందరు మాత్ర ఆపేస్తారు. పన్ను తీయించుకోవడానికి నాలుగు రోజులు ఆపి, తర్వాత మొదలుపెట్టడం మర్చిపోతారు. ఐఎన్ఆర్ సాధారణంగా 2 నుంచి 3 మధ్య, మైట్రల్ స్థానంలో (గుండె ఎడమ పై గదికీ కింది గదికీ మధ్య) లోహపు కవాటం ఉంటే 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం, రెండూ తలకు రావొచ్చు. తోటకూర, పాలకూర, మునగాకు పూర్తిగా మానేయాలని చెప్పడం సరికాదు. వారంలో ఎంత తింటారో ఎప్పుడూ దాదాపు అంతే తింటే మందు మోతాదు దానికి సర్దుకుంటుంది. నెలంతా ముట్టకుండా ఒక వారం రోజూ తింటేనే చిక్కు. యాంటీబయాటిక్స్, నొప్పి మాత్రలు, నాటుమందులు మొదలుపెడితే ఐఎన్ఆర్ త్వరగా చూపించుకోవాలి. ఈ మందు మీద ఉన్నవాళ్లు తలకు దెబ్బ తగిలినా, ఎప్పుడూ లేని తలనొప్పి వచ్చినా బొప్పి కట్టలేదు కదా అని ఊరుకోకూడదు.

పాడైన కవాటం లేదా మార్చిన కవాటం ఉన్న మనిషికి వారాల తరబడి జ్వరం వస్తూ, దానితో పాటు మాట తడబడితే అది ఇంకో సంగతి. కవాటం మీద సూక్ష్మజీవులు చేరి, వాటి ముక్కలు మెదడుకు వెళ్తున్నాయేమో చూడాలి. గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇక్కడ ప్రమాదం, మెదడులో రక్తస్రావం కావొచ్చు. జ్వరానికి ఊళ్లో రెండు మూడు యాంటీబయాటిక్ ఇంజక్షన్లు పొడిపించుకుంటే తర్వాత రక్తం కల్చర్‌లో ఆ క్రిమి దొరకదు, సరైన మందు ఎంచడం కష్టమవుతుంది. కవాట జబ్బు ఉన్నవారు జ్వరానికి యాంటీబయాటిక్ వేసుకునే ముందు కల్చర్‌కు రక్తం ఇవ్వాలనే మాట ప్రతి డిశ్చార్జి కాగితం మీదా పెద్ద అక్షరాల్లో ఉండాలి.

పెద్దవాళ్లలో గుండె నీరసించినప్పుడు లక్షణాలు ఇంత నాటకీయంగా రావు. నాన్నగారు ఈ మధ్య మాట మధ్యలో మర్చిపోతున్నారు, పగలు నిద్రపోతున్నారు, రాత్రి ఏదేదో మాట్లాడుతున్నారు అంటారు. వయసు అనుకుని వదిలేస్తారు. గుండె పంపే శక్తి తగ్గడం ఒక కారణం కావచ్చు. నీరు తీసే మాత్రల వల్ల సోడియం పడిపోవడం ఇంకో కారణం, అది ఒక్క రక్తపరీక్షతో తెలుస్తుంది, సరిచేయొచ్చు. ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క నుంచి వచ్చిన గుండె మందు డిజాక్సిన్ ఎక్కువైతే వికారంతో పాటు అయోమయం వస్తుంది, వస్తువులు పసుపుగా కనబడతాయి. 1785లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం విదరింగ్ ఆ మొక్క గురించి రాసినప్పుడే ఈ పసుపు చూపు సంగతి చెప్పాడు. గుండె లయ కోసం వాడే అమియోడరోన్ వల్ల చేతులు వణకొచ్చు. బీపీ మాత్రలు పెరిగినప్పుడు లేచి నిలబడగానే కళ్లు తిరగడం మామూలు. పడుకుని ఉన్నప్పటి కంటే నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 పాయింట్లు పడితే మోతాదు మార్చే ఆలోచన చేయాలి. వీటిలో ఏదీ మాత్రలు సొంతంగా ఆపేయడానికి కారణం కాదు, డాక్టరుకు చెప్పడానికి కారణం.

కొందరికి టీఐఏనో పక్షవాతమో వచ్చాక ఈసీజీ మామూలుగా ఉంటుంది, ఎకో మామూలుగా ఉంటుంది, ఒంటికి తగిలించి 24 గంటలు గుండె లయను రికార్డు చేసే హోల్టర్‌లోనూ ఏమీ దొరకదు. అంతమాత్రాన గుండెకు సంబంధం లేదని తేల్చకూడదు. లయ తప్పడం వచ్చి పోతుండొచ్చు. 2014లో వచ్చిన క్రిస్టల్ ఏఎఫ్ అధ్యయనంలో కారణం దొరకని పక్షవాతం రోగులకు చర్మం కింద చిన్న రికార్డర్ అమర్చి ఏడాది చూస్తే, 12.4 శాతం మందిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ బయటపడింది. మామూలు పద్ధతిలో చూసినవాళ్లలో అది 2 శాతమే. ఈ పరికరం ఖరీదైనది, అందరికీ అందదు. నాడి చూడటం మాత్రం అందరికీ అందుతుంది. అరవై దాటిన వారికి ఇంట్లో ఎవరైనా అప్పుడప్పుడూ ఒక నిమిషం మణికట్టు పట్టుకుని చూసి, దెబ్బలు అస్తవ్యస్తంగా ఉంటే అప్పటికప్పుడు ఈసీజీ తీయిస్తే, రికార్డర్ చేసే పనిలో కొంత ఆ వేళ్లే చేస్తాయి.

వచ్చి తగ్గిపోయే లక్షణాల్లో అందరికంటే ఎక్కువ అన్యాయం జరిగేది బడి పిల్లలకు, అందులోనూ ఆడపిల్లలకు. గొంతునొప్పి తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరం కీళ్లనూ గుండె కవాటాలనూ పట్టుకుంటుందని చాలామందికి తెలుసు. అదే జబ్బు మెదడును కూడా పట్టుకుంటుంది. గొంతులోని స్ట్రెప్టోకాకస్ మీద శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలు, మెదడు లోతుల్లో కదలికలను అదుపుచేసే భాగాల మీద కూడా పనిచేస్తాయి, దాంతో చేతులూ ముఖమూ అదుపు లేకుండా కదులుతాయి. 1686లో ఇంగ్లండ్ వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ ఈ కదలికలను వర్ణించాడు, అందుకే దీన్ని సిడెన్‌హామ్ కొరియా అంటారు. గుండెతో దీనికి ఉన్న సంబంధం ఆయనకు తెలియదు.

తొమ్మిది, పదేళ్ల అమ్మాయి. చేతిరాత చెడిపోతుంది. గ్లాసు, ప్లేటు చేతిలోంచి జారిపోతాయి. ముఖం వంకరలు తిప్పుతుంది, భుజాలు ఎగరేస్తుంది, కుదురుగా కూర్చోదు. చిన్న మాటకే ఏడుస్తుంది. నిద్రపోతే అన్నీ ఆగిపోతాయి. బడిలో అల్లరి అంటారు, ఇంట్లో వెక్కిరిస్తోందని కొడతారు, కొన్నిచోట్ల దిష్టి తీయిస్తారు, గాలి సోకిందని తాయెత్తు కడతారు. తెలిసిన డాక్టరు దగ్గరికి వెళ్లినా ఒక చిక్కు ఉంది. గొంతునొప్పి వచ్చిన నెల నుంచి ఆరు, ఎనిమిది నెలలకు గానీ కొరియా బయటపడదు. అప్పటికి గొంతునొప్పి ఎవరికీ గుర్తుండదు, స్ట్రెప్టోకాకస్ సోకిన జాడ చూపే ఏఎస్ఓ రక్తపరీక్ష మామూలుగా రావచ్చు. రిపోర్టు బాగుందని పంపేస్తారు. వేరే కారణం లేదని తేలితే కొరియా ఒక్కటి చాలు, రుమాటిక్ జ్వరం అని నిర్ధారించడానికి. స్టెతస్కోపుకు దొరకని కవాట లోపం కూడా ఎకోలో కనిపిస్తుంది, అందుకే రుమాటిక్ జ్వరాన్ని గుర్తించే జోన్స్ ప్రమాణాల్లో 2015 నుంచి ఎకోకు చోటిచ్చారు.

కొన్ని నెలల్లో కొరియా చాలామందిలో దానంతట అదే తగ్గిపోతుంది. చేతిరాత కుదురుతుంది. తాయెత్తు కట్టినవాళ్లకు పేరొస్తుంది. కానీ ఆ పిల్లకు మళ్లీ స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పి వస్తే జబ్బు తిరగబెట్టి, ప్రతిసారీ కవాటం ఇంకొంచెం పాడయ్యే ప్రమాదం ఉంటుంది. అది జరగకుండా ఆపేది మూడు, నాలుగు వారాలకోసారి తుంటికి ఇచ్చే బెంజథైన్ పెనిసిలిన్ ఇంజక్షన్. మన దగ్గర 21 రోజులకోసారి రాస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 మార్గదర్శకాల ప్రకారం గుండె దెబ్బతినకపోతే చివరిసారి జబ్బు వచ్చినప్పటి నుంచి అయిదేళ్లు లేదా 18 ఏళ్ల వయసు వరకూ, కొద్దిగా దెబ్బతింటే పదేళ్లు లేదా కనీసం 25 ఏళ్ల వరకూ, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. కవాటం బాగా పాడైతే జీవితాంతం. ఈ ఇంజక్షన్ నిజంగా పనిచేస్తుందా అని అడిగేవాళ్లకు ఉగాండాలో జరిగిన అధ్యయనం జవాబిచ్చింది. ఏ లక్షణమూ లేకుండా ఎకోలో మాత్రమే తొలి దశ రుమాటిక్ గుండె జబ్బు కనబడ్డ పిల్లలను రెండేళ్లు చూశారు. ఇంజక్షన్ తీసుకోనివారిలో 8.2 శాతం మందికి జబ్బు ముదిరింది, తీసుకున్నవారిలో 0.8 శాతం మందికే. ఆ ఫలితాలు 2021లో వచ్చాయి.

ఇంజక్షన్ చాలా నొప్పి. పిల్ల చక్కగా ఆడుకుంటుంటే మూడు వారాలకోసారి ఏడిపించడం ఎందుకని తల్లిదండ్రులకు అనిపించడంలో తప్పు లేదు, వాళ్లకు ఎందుకో ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉండకపోవడమే తప్పు. ఆడపిల్ల పెద్దదయ్యాక పెళ్లి సంబంధాలకు అడ్డమని జబ్బు మాటే దాచేస్తారు, ఇంజక్షన్లు అక్కడితో ఆగుతాయి. గర్భంతో ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. ఇరుకైన మైట్రల్ కవాటం ఆ ప్రవాహాన్ని మోయలేక ఎడమ కర్ణిక ఉబ్బుతుంది, లయ తప్పుతుంది, గడ్డ కడుతుంది. ఎనిమిదో నెల గర్భిణికి ఒక్కసారిగా కుడి చేయి పడిపోయి మాట పోతే దానికి మూలం పదిహేనేళ్ల క్రితం నాటి జారిపోయిన గ్లాసులో ఉండొచ్చు. కొరియా గర్భంతో తిరగబెట్టడం కూడా ఉంది. చిన్నప్పుడు కీళ్ల నొప్పులతో జ్వరం గానీ, ఇలాంటి వింత కదలికలు గానీ వచ్చి తగ్గాయని చెప్పిన ప్రతి అమ్మాయికీ పెళ్లికి ముందో, అది కుదరకపోతే గర్భం తేలిన మొదటి చెకప్‌లోనో ఎకో చేయించాలి. కవాటం ఇరుకుగా ఉందని ముందే తెలిస్తే, జపాన్ వైద్యుడు కాంజీ ఇనోయె 1980లలో రూపొందించిన బెలూన్ పద్ధతితో, ఛాతీ కోయకుండానే దాన్ని వెడల్పు చేయొచ్చు. తప్పనిసరైతే గర్భంతో ఉన్నప్పుడు కూడా చేస్తారు.